మసకను బట్టి లోతు



తెలుగు పండితుడొకడు కెమెరాను గూర్చి ప్రసంగింప వచ్చినాడని విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, తప్పు లేదు. తాతగారియొద్ద అమరమును రఘువంశమును వల్లించి, పిదప ప్రాచ్యకళాశాలలో చదివి, ముప్పదియైదేండ్లు పిల్లలకు సంధులును సమాసములును చెప్పినవాడను. యంత్రములతో నాకేమి పని? అయినను ఈ విషయము నన్ను వెదకికొని వచ్చినది. అది వచ్చిన త్రోవ చెప్పవలెనన్న మొదట నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది.

1986వ సంవత్సరము. మా సుల్తానాబాదునకు సమీపగ్రామము నుండి వచ్చు విద్యార్థి యొకడు ఒకనాటి యుదయమున నా బల్లపై నొక సీసపు బిళ్ళను పెట్టి, "సారూ, పాటిమన్ను తోలుతుంటే దొరికింది" అనెను. పాటిగడ్డ యనగా మీకు చెప్పనక్కరలేదు. పూర్వము ఊరుండి పాడుపడిన దిబ్బ. దాని మన్ను పొలమునకు బలమని మన రైతులు బండ్లతో తోలుదురు. ఆ బిళ్ళ ఒకవైపున ఏనుగు వంటి యాకారమును, అంచుచుట్టు అక్షరముల వంటి గీతలును తెల్లని బూజు క్రింద లీలగా కనబడుచుండెను. నాకు సంతోషము పట్టరాలేదు. ఇంటికి తీసికొనిపోయి, దేవునిపాత్రలు తోమునట్లు, చింతపండును బూడిదయు పెట్టి తోమితిని. బూజుతో కూడ ఏనుగును పోయినది, అక్షరములును పోయినవి. సీసము మెత్తని లోహమనియు, పులుపు దానిని తినివేయుననియు నాకప్పుడు తెలియదు. మరునాడు ఆ పిల్లవాడు, "ఏముంది సారూ దానిమీద?" అని యడిగినప్పుడు నేను చెప్పిన సమాధానము ఇక్కడ చెప్పను.

ఒక్క బిళ్ళ కింత విచారమేల యందురా? మన ప్రాంతపు సంగతి యెరిగినవారు అట్లనరు. ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల: ఈ మూడు చోట్లును మనకు దగ్గరివే. ధూళికట్టలో కోటగోడయు, బౌద్ధస్తూపమును, దాని సున్నపురాతి పలకలును 1970వ దశకమున త్రవ్వకములలో బయటపడినవి. పెద్దబంకూరున దొరకిన నాణెములు 22 వేలకు పైబడినవి. కోటిలింగాల, పెద్దవాగు గోదావరిలో కలియుచోట నున్నది. ధర్మపురి పండితులు సంగనభట్ల నరహరిశర్మగారు అచ్చట ఏరికూర్చిన నాణెములను శాసనపరిశోధకులు డాక్టరు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివి ప్రకటించిరి. వానిపై గోభదుడు, నారన, కంవాయ, సమగోపుడు అను ప్రభువుల పేర్లు కనబడినవి. అన్నిటిని మించి, సాతవాహనవంశమునకు మూలపురుషుడైన చిముకుని పేరు కనబడినది.

ఈ రాజు పేరును మన పురాణములు తలకొక తీరుగా వ్రాసినవి. మత్స్యపురాణమున శిశుకుడు, వాయుపురాణమున సింధుకుడు, విష్ణుపురాణమున శిప్రకుడు. లేఖకుల చేతులు మారినకొలది అక్షరములు మారినవి. సీసముపై అచ్చుపడిన పేరు అట్లు మారదు. అది యొకమారు చదువబడిన, ఆ రాజు నాణెములు గోదావరియొడ్డున మన నేలపై చెలామణియైనవని తేలినది. ఒక దేశచరిత్రలో తొలి పుట యెచ్చట తెరవవలెనను ప్రశ్న గోరంత బిళ్ళపై, వెండ్రుకవాసి యెత్తున్న గీతలపై నిలిచియుండెను. అట్టి గీతలను నేను చింతపండుతో తోమితిని.

అక్షరమనగా ఏమి? కాగితముపై నలుపు. రాతిపై లోతు. నాణెముపై ఎత్తు. గంగాధర మండలములోని కురిక్యాల బొమ్మలగుట్టపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతమున సంస్కృత కన్నడ తెలుగు భాషలలో చెక్కించిన శాసనమున్నది. తెలుగు కందపద్యము లంత పూర్వమే మన జిల్లా రాతిపై నుండుట మన భాగ్యము. ఆ యక్షరములు రాతిలోని గుంటలు తప్ప మరేమియు గావు. వాన, యెండ, గాలి ఆ గుంటలను ఏటేట పూడ్చుచు నొరయుచు నుండును. శాసనములకు తడికాగితము నద్ది, కుంచెతో కొట్టి, సిరా పూసి ప్రతి యెత్తుట వాడుక. చిన్న నాణెమునకు, అందును అరిగిన మెత్తని సీసమునకు, ఆ పని పనికిరాదు. ఫొటో తీయవచ్చును గదా యనిన, ఫొటోలో నొక చిక్కున్నది. వెలుగు ఎడమనుండి పడినచో గట్టుగా కనబడు గీత, వెలుగు కుడినుండి పడినదని చూచువాడు భావించినచో గుంటగా తోచును. గీయబడిన గీరయా, అచ్చుపడిన యక్షరమా యని తెలియవలెనన్న వెలుగునీడలు చాలవు. లోతు కొలువవలెను, తాకక కొలువవలెను.

తాకకుండ దూరము కొలుచుటకు మానవుడు రెండుపాయములు కనిపెట్టినాడు. మొదటిది త్రిభుజోపాయము. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు 1637లో దృష్టిని గూర్చి వ్రాసినప్పుడు గ్రుడ్డివాని యుపమానము చెప్పినాడు. గ్రుడ్డివాడు రెండుచేతులతో రెండు కఱ్ఱలు పట్టుకొని, వాని కొనలు ఒకచోట తగిలించినచో, చేతుల యెడమును కఱ్ఱల వాలును బట్టి ఆ వస్తు వెంతదూరమున నున్నదో యెరుగగలడు. మన రెండు కన్నులును అట్లే చేయును. ఈ యుపాయముతోనే లాంబ్టను అను దొర 1802 ఏప్రిలులో మద్రాసు సమీపమున నేలపై గొలుసుతో నొక్క గీత కొలిచి, అచ్చటినుండి కొండకొండకు త్రిభుజములు కట్టుచు మన హైదరాబాదు రాజ్యము మీదుగా ఉత్తరమునకు నడచినాడు. ఆయన కోణములు కొలుచు యంత్రము అరటన్ను బరువు. ఆయన సహాయకుడుగా వచ్చిన ఎవరెస్టు 1819లో కృష్ణాగోదావరుల నడుమ అడవులలో పనిచేయుచు జ్వరమున పడి, 1820లో ఆరోగ్యముకొరకు కేపునకు పోవలసివచ్చినది. లోకములోనెల్ల ఎత్తైన శిఖరమునకు పేరిచ్చినవాని వెన్ను ముందుగా విరిచినది మన యడవి జ్వరమే. లాంబ్టను 1823 జనవరిలో హింగన్‌ఘాటున కాలముచేసెను. ఈ కథ పెద్దది, మరియొకనాడు చెప్పుకొందము.

రెండవ యుపాయమునకు రెండు చోట్లు అక్కరలేదు. ఒక్క కన్ను చాలును. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

చిన్నతనమున భూతద్దముతో ఎండను కాగితముపై పడజేసి కాల్చనివారు మీలో నుండరు. అద్దమును దగ్గర పెట్టిన వెలుగు పెద్ద మచ్చయై యుండును, దూరము చేసినను పెద్దదగును. నడుమ నొక్కచోట మాత్రము చుక్కయై పొగ లేచును. ఆ చోటునే నాభి యందురు, ఇంగ్లీషువారు ఫోకసు అందురు. యాస్కమహర్షి నిరుక్తములో ఈ సంగతి యున్నది. తుడిచిన కంచునుగాని మణినిగాని సూర్యుని కెదురుగా పట్టి, ఎండిన గోమయమును దానికి తాకనీయక ఉంచిన మండునని ఆయన చెప్పినాడు. 'తాకనీయక' యను మాట గమనింపుడు. దూరము కుదిరిననే మంట, కుదరనిచో లేదు. కావున మంట పుట్టుటయే దూరమునకు సాక్ష్యము. యాస్కుడు దానిని కొలతగా వాడలేదు. ఆయనకు కావలసినది అగ్ని, కొలత కాదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. కంటినుండి తేజస్సు బయలుదేరి వస్తువును తాకి తెలిసికొనునని మన నైయాయికులు వాదించిరి; బౌద్ధులు ఒప్పుకొనలేదు. నేను తర్కసంగ్రహము చదివిన దినములలో నైయాయికుల పక్షమే పట్టినవాడను. ఈ విషయమున వారిది పొరపాటు. వెలుగే వస్తువునుండి కంటికి వచ్చునని, క్రీ.శ. 965 ప్రాంతమున పుట్టి ఈజిప్టున పనిచేసిన ఇబ్న్ అల్ హైథం అను అరబ్బు పండితుడు చీకటిగదులును రంధ్రములును పెట్టి పరీక్షించి స్థాపించెను. ఆయన గ్రంథము లాటినులోనికి మారి యూరపునకు వెలుగిచ్చినది. 1604లో కెప్లరు కంటి వెనుకతెరపై బొమ్మ తలక్రిందుగా పడునని చూపెను.

1619లో షైనరు అను జర్మను మతాచార్యుడు చేసిన పరీక్ష మీరింటిలో చేయవచ్చును. అట్టముక్కపై సూదితో రెండు సన్నరంధ్రములు రెండు మిల్లీమీటర్ల యెడమున పొడిచి, కంటికానించి, దూరమున నొక సూదిని నిలిపి చూడుడు. కంటి చూపు సూదిపై కుదిరినచో సూది యొక్కటి. చూపు దానికి ముందో వెనుకనో నిలిచినచో సూదులు రెండు. రెంటి నడుమ యెడము, చూపు తప్పిన మేరను తెలుపును. నా యభిప్రాయమున మసకను కొలతగా మార్చిన తొలి యడుగు ఇదియే. డెకార్టు కూడ, దూరమును బట్టి కన్ను తన యాకారము మార్చుకొనుననియు, ఆ మార్పే మనసునకు దూరమును తెలుపుననియు వ్రాసెను. మార్పునొందునది కంటిలోని కటకమే యని 1801లో థామస్ యంగు నిరూపించెను.

మన పెద్దల కీ సంగతి యనుభవమున తెలియును. నలుబదియేండ్లకు వచ్చు చూపులోపమును మనవారు 'చత్వార'మనిరి. ఆ వయసునకు కంటికటకము గట్టిపడి, తన యాకారమును మార్చుకొనలేదు. అప్పుడు మనమేమి చేయుదుము? పత్రికను చేయిచాచి దూరముగా పట్టుకొని, ముందుకు వెనుకకు జరిపి, అక్షరములు స్ఫుటమైన చోట ఆగుదుము. కటకము కదలనప్పుడు వస్తువును కదల్చుట. నవ్వులాటకు చెప్పుటలేదు, నేటి యంత్రములు కొన్ని సరిగా ఇదే చేయును.

ఇక కెమెరా. 1839లో డగేరు ప్రక్రియ వెల్లడియైన పిదప అది మన దేశమునకు వచ్చుట కెన్నియో యేండ్లు పట్టలేదు. హైదరాబాదున ఆరవ నిజాము కొలువులో లాలా దీన్‌దయాళు ప్రసిద్ధుడు. 1844లో మీరటు సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో మరామతుపని చేయుచు ఫొటోలు నేర్చినాడు. నిజాము ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్‌జంగ్ అని బిరుదమిచ్చెను. 1905లో గతించెను. ఆయన తీసిన కోటలు, దర్బారులు, కరవుపనుల చిత్రములు నేటికిని గాజుపలకలవలె స్వచ్ఛముగా నున్నవి. కొలతలు తెలిసిన చదువు ఆయనదని ఆ చిత్రములు చూచినవారికి తోచును.

ఆ జాతి పెట్టెకెమెరాను నేను 1974లో చూచితిని. మేము పదవతరగతి ముగించినప్పుడు వీడుకోలు ఫొటోకై కరీంనగరు నుండి ఒకాయన మూడుకాళ్ళ కెమెరా తెచ్చెను. కొలిమితిత్తి వంటి నల్లని తిత్తి, వెనుక గరుకుగాజు. నల్లగుడ్డ కప్పుకొని ఆయన తిత్తిని ముందుకు వెనుకకు లాగుచుండెను. నేను బ్రతిమాలగా ఒకమారు నన్నును గుడ్డలోనికి రానిచ్చెను. ఆహా! హెడ్మాస్టరుగారు తలక్రిందుగా కుర్చీలో వ్రేలాడుచుండిరి. ఆయన తిత్తిని కొంచెము జరుపగా కుర్చీలవరుస మసకబారి, వెనుక బల్లపై నిలుచున్నవారి ముఖములు స్ఫుటమైనవి. మరికొంచెము జరుపగా వారును పోయి, వెనుకనున్న వేపచెట్టు ఆకులు స్పష్టమైనవి. ఏ వస్తువు స్ఫుటమగునో, దానికి తగిన తిత్తిపొడవు వేరు. తిత్తిపొడవు కొలిచినచో వస్తుదూరము చెప్పవచ్చునన్నమాట. అది నాకప్పుడు తోచలేదు. వెనుకవరుసలో నిలిచిన నా ముఖము మసకగా పడినదని మాత్రము చాలకాలము ఏడ్చితిని.

లెక్క యొకటి చెప్పెదను. నాభ్యంతరము 50 మిల్లీమీటర్లుగల కటకమును తీసికొనుడు. ఒక మీటరు దూరమున నున్న మనిషి స్ఫుటముగా పడవలెనన్న తెర కటకమునకు 52.63 మిల్లీమీటర్ల దూరమున నుండవలెను. రెండు మీటర్లయిన 51.28. అనగా తెరను సుమారు ఒకటింపావు మిల్లీమీటరుకు పైగా జరుపవలెను. అది కంటికి తెలియును. పదిమీటర్లకు 50.25, ఇరువదిమీటర్లకు 50.13: తేడా మిల్లీమీటరులో ఎనిమిదవవంతు. నూరుమీటర్లకును వేయిమీటర్లకును తేడా మిల్లీమీటరులో నలుబదవవంతు కూడ లేదు. దగ్గరివస్తువుల లోతును ఈ యుపాయము నిక్కచ్చిగా చెప్పును. దూరమునకు పోయినకొలది నాలుక తడబడును.

నిజామియా వేధశాల దీనికి సాక్షి. నవాబు జఫర్‌జంగు 1901లో స్థాపించిన ఆ వేధశాల, 1908 తరువాత ప్రభుత్వము చేతికి వచ్చి, లోకమంతయు కలసి చేసిన నక్షత్రపటములో దక్షిణమున 17 నుండి 23 అంశల వరకు గల భాగమును పైనవేసికొని, ఏడులక్షలకు పైగా నక్షత్రముల స్థానములను గాజుపలకలపై కొలిచినది. ఆ నక్షత్రములలో ఒకటి సమీపమునను ఒకటి దానికి వేయిమడుగుల దూరమునను ఉండవచ్చును. కాని కెమెరా కన్నియు ఒకే ఫోకసు. అచ్చట ఈ విద్య చేతులెత్తివేయును. మరల డెకార్టు గ్రుడ్డివాని కఱ్ఱలే గతి.

కావున ఈ విద్య దూరదర్శినిది కాదు, సూక్ష్మదర్శినిది. పదునెనిమిదవ శతాబ్దమునందే షోల్న్ ప్రభువు అను ఫ్రెంచివాడు గాజుపలక పైముఖముపై నొకమారు, అడుగుగీతపై నొకమారు సూక్ష్మదర్శిని ఫోకసు కుదిర్చి, నడుమ గొట్టము జరిగిన దూరముతో గాజు వక్రీభవనమును లెక్కించెను. మీ పిల్లలు ఇంటర్మీడియటున గాజుదిమ్మెపై పొడిచల్లి చేయు ప్రయోగమదియే. ఆ శాలలు తిరిగి వచ్చిన మా చిన్నవాడొకనాడు నాకు చూపెను: పొడిరేణువులు స్ఫుటమైనప్పుడు స్కేలుపై నొక యంకె, దిమ్మె క్రింది గుర్తు స్ఫుటమైనప్పుడు మరియొక యంకె. వ్యవకలనము చేసిన లోతు. ఒక్క బిందువునకు అది చాలును. కాని నాణెమున బిందువు లెన్ని? లక్షలు. లక్షబిందువులకు కన్నుపెట్టి మరత్రిప్పువాడెవడు? ఈ కారణముచేతనే రెండువందలయేండ్లు ఈ విద్య ముందునకు కదలలేదు.

కదిలించినది కంప్యూటరు. 1968లో అమెరికాలో మసాచుసెట్సు సాంకేతికవిద్యాలయమున బెర్తోల్డు హార్ను, ఫోకసు కుదిరినదని యంత్రము తానే గుర్తించుటెట్లని యొక వ్యాసము వ్రాసెను. 1970లో టెనెన్‌బామ్ స్టాన్‌ఫర్డున దానిపైననే సిద్ధాంతగ్రంథము సమర్పించెను. యంత్రమునకు స్ఫుటమనగా ఏమో యెట్లు తెలియును? ప్రక్కప్రక్క బిందువుల వెలుగులలో తేడాను చూచును. మసకలో నలుపును తెలుపును కలసిపోయి బూడిదయగును, తేడా తగ్గును. స్ఫుటములో తేడా హెచ్చును. తేడా పరమావధికి వచ్చిన చోటే ఫోకసు. నేడు మీ మనుమల చేతిఫోను ముఖముపై వ్రేలానించిన క్షణమున కొంచెము తడబడి స్ఫుటమగును గదా. ఆ తడబాటులో కటకము ముందుకు వెనుకకు జరిగి ఈ తేడానే వెదకుచుండుట కలదు.

ఒక్క చోటికి గాక, బొమ్మలోని ప్రతి బిందువునకు వేర్వేరుగా ఈ పరమావధిని వెదకినచో వస్తువు యొక్క సంపూర్ణాకారము వచ్చును. భారతదేశమున రాంచీలో చదివి అమెరికాకు పోయిన శ్రీ కె. నాయరు, జపానీయుడైన నకగావాతో కలసి 1990లోను 1994లోను దీనిని చక్కగా నిరూపించిరి. వారు కటకమును కదల్పలేదు, చత్వారమువానివలె వస్తువునే కొంచెముకొంచెముగా జరిపిరి. పరికరపు పలకలలోని సన్నరంధ్రములలో నింపిన లోహపుముద్ద సరిగా నిండినదో లేదో ఆ పద్ధతితో కొలిచిరి.

ఇది యెట్లు జరుగునో మన చెరువును చూచి తెలిసికొనవచ్చును. మత్తడి పారునప్పుడు చెరువు నిండు అద్దము, అడుగు కనబడదు. మాఘము దాటి నీరు తగ్గజొచ్చినపుడు నీటియంచు దినమునకొక గీత గీయుచు లోనికి పోవును. దినదినమునకు ఆ యంచు వెంట పుల్లలు పాతినవాడు వేసవికి శిఖమంతటి యెత్తుపల్లములు కాగితముపై నెక్కించగలడు. ఈ పుల్ల యేనాటిదో ఆనాటి నీటిమట్టమే ఆచోటి యెత్తు. కెమెరా ఫోకసు అట్టి నీటిమట్టమే. దానిని కొంచెముకొంచెముగా దింపుచు నొక్కొక్క బొమ్మ తీయుదురు. ప్రతి బిందువు ఏ బొమ్మలో నతిస్ఫుటముగా నున్నదో ఆ బొమ్మ సంఖ్యయే దాని యెత్తు.

ఇందులో నొక విచిత్రమున్నది. ఫొటోగ్రాఫరు వరుసలన్నియు స్ఫుటముగా పడవలెనని కటకపు రంధ్రమును చిన్నది చేయును. కొలుచువానికి అది పనికిరాదు. రంధ్రము పెద్దదై, స్ఫుటమైన పొర పలుచనై, తక్కినదంతయు మసకగా నుండవలెను. నేనేడ్చిన మసకయే ఈ విద్యకు మూలధనము.

ఆ మసకనే నేరుగా కొలుచు శాఖ యొకటి పిదప మొలచినది. 1987లో పెంట్‌లాండు అనునతడు, మసక యెంత యను దానిని బట్టియే దూరము చెప్పవచ్చుననెను. అట్లయిన నా పదవతరగతి ఫొటోలో ముఖముల మసకను బట్టి ఎవరే వరుసలో నిలిచిరో చెప్పవచ్చును. కాని నేలపై కూర్చున్నవారును మసకయే, బల్లపై నిలిచినవారును మసకయే. ముందువారెవరో వెనుకవారెవరో ఒక్క ఫొటో చెప్పలేదు. ఫోకసు మార్చి రెండవ ఫొటో తీసిన చిక్కు వీడును. ఈ దారిలో అమెరికాలో మురళీధర సుబ్బారావుగారును, మన దేశమున రాజగోపాలను, సుభాసిస్ చౌధురిగారలును పనిచేసిరి. కడపటి యిద్దరి గ్రంథము 1999లో వెలువడినది.

దోషములు చెప్పకుండుట న్యాయము కాదు. క్రొత్తగా సున్నము కొట్టిన గోడను ఈ యంత్రమునకు చూపుడు, ఏమియు చెప్పలేదు. గోడపై గీతగాని మచ్చగాని లేనిచో స్ఫుటమేమి, మసకయేమి? రెంటికిని తేడా లేదు. అట్టిచోట వెలుగుతోనే గళ్ళు పడజేసి కొలుచుపద్ధతి నాయరుగారు తరువాత కల్పించిరి. మెరయు లోహమును మోసము చేయును. తళుకు స్థానము మారి యంత్రమును తికమకపెట్టును. ఫోకసు మారినకొలది బొమ్మ కొంచెము పెరుగుచు తరుగుచు నుండును. బొమ్మలను సరిపోల్చి పేర్చనిచో బిందువులు తారుమారగును. గరుకుగా నుండి, మెరుపులేక, దగ్గరనున్న చిన్నవస్తువే దీనికి తగినది. అనగా పాతనాణెము.

మా చిన్నవాడు పెద్దపల్లిలో ఫిజిక్సు చెప్పును. రెండేండ్ల క్రిందట, నేను 1986 నుండి చేతిగుడ్డలో కట్టి పెట్టెయడుగున దాచియుంచిన బిళ్ళను వాని కిచ్చితిని. ఇట్టివి దొరకినప్పుడు దాచుకొనరాదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయల విలువకు మించినది భూమిలో దొరకినచో కలెక్టరునకు తెలుపవలెను. నా బిళ్ళ కెవడును పది రూపాయలీయడని నేను నన్ను సమాధానపరచుకొంటిని. నిజముగా నన్నాపినది సిగ్గు.

ఒక సెలవునాడు వాడు పాఠశాలలో వాడు సాధారణ సూక్ష్మదర్శిని తెచ్చి, పైగొట్టమునకు ఫోను బిగించి, ప్రక్కనుండి టార్చివెలుగు పడునట్లు చేసెను. చిన్నమరలో నొక గీత రెండు మైక్రానులట. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవవంతు. పదేసి గీతలు త్రిప్పుచు నొక బొమ్మ. ముప్పది బొమ్మలు. బిళ్ళయంతయు ఒకమారు పట్టదు గనుక అంచున నొక తునుక మాత్రమే చూచితిమి. గీతలు లెక్కపెట్టు పని నాది. పదునేడవ బొమ్మకడ లెక్కతప్పి మొదటినుండి మరల ప్రారంభింపవలసివచ్చినది, వాడేమియు అనలేదు. కంప్యూటరు బొమ్మలన్నిటిని పేర్చి లెక్కకట్టి, ఎత్తునకొక రంగుగా పటము వేసెను. చాలభాగము చదునే; అది నా చింతపండు చేసిన పని. అక్కడక్కడ సన్నని అడ్డగీతలు, నా బూడిద గీరినవి, లోతుగా నీలివర్ణమున కనబడినవి. వాని నడుమ నిలువుగా నొక గీత.

నా గుండె కొట్టుకొన్నది. సాతవాహనుల నాణెములపై వ్రాత తరచుగా 'రఞో' అని, రాజుయొక్క అని, మొదలగును. బ్రాహ్మీలిపిలో 'ర' యనగా నిలువుగీతయే. కాని నిలువుగా గీరుకొన్న గీరయు నిలువుగీతయే గదా. నేను కన్నద్దములు తుడుచుకొని, "అదియు నా బూడిదగీతయే కాబోలు" నంటిని.

వాడు తెరపై నా గీతకడ్డముగా వ్రేలుపెట్టి కోత చూపెను. అడ్డగీతలకడ రేఖ క్రిందికి దిగినది. నిలువుగీతకడ పైకి లేచినది. మిల్లీమీటరులో ఇరువదవవంతు కంటె కొంచెము తక్కువ.

"బాపూ, ఇది గుంట కాదు, గట్టు" అనెను.

బిళ్ళను ఆ పటముతో సహా పురావస్తుశాఖవారి కప్పగించితిని. పటము వెనుక, దొరకిన గ్రామము పేరును, 1986 అను సంవత్సరమును, చింతపండు సంగతియు నా చేతితో వ్రాసితిని.